ఏడు ఇండికేటర్లు, ఒకటే ధర

దసరాకి మా అత్తగారింటికి, ఖమ్మం వెళ్లాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరికి వాళ్లు నడుం వాల్చారు, మా బావమరిది మాత్రం ఫోన్ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పండగ కాబట్టి మార్కెట్ సెలవు, స్క్రీన్ మీద ముందు రోజు చార్టు ఎక్కడిదక్కడే ఆగిపోయి ఉంది. "బావా, ఇది ఒకసారి చూడు. అన్నీ బై అనే చూపించాయి. అన్నీ. అయినా పడింది. ఎందుకు?" అని అడిగాడు.

చూశాను. ధర ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ధర చూపించే నిలువు పట్టీలు, అంటే క్యాండిల్స్, వాటి మీద సూపర్‌ట్రెండ్, రెండు మూవింగ్ యావరేజ్ గీతలు, బోలింజర్ బ్యాండ్స్. వాటి కింద మూడు పెట్టెల్లో ఆర్‌ఎస్‌ఐ, ఎంఏసీడీ, స్టొకాస్టిక్. కొనాలో అమ్మాలో సూచిస్తాయనుకునే ఇండికేటర్లు మొత్తం ఏడు. అంత చిన్న ఫోన్‌లో ఇవన్నీ పోగా అసలు క్యాండిల్స్‌కి మిగిలింది రెండు వేళ్ల ఎత్తు. రెండు వారాల్లో నిఫ్టీ ఆప్షన్స్‌లో, అంటే నిఫ్టీ సూచీ ఎటు వెళ్తుందో దాని మీద పందెం లాంటి ట్రేడ్లలో, 38 వేలు పోయాయని కాసేపటికి గొంతు తగ్గించి చెప్పాడు, ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదట. వాడిది ఎరువుల కొట్టు. సీజన్‌లో పొద్దున ఏడింటికి షట్టర్ తీస్తే రాత్రి తొమ్మిదింటిదాకా నిలబడే పని, అమ్మకాల్లో సగం పంట చేతికొచ్చాక ఇస్తామనే ఖాతాలే. 38 వేలు మిగలాలంటే వాడెన్ని బస్తాలు అమ్మాలో నాకు తెలుసు, అందుకే ఏదో ఒకటి చెప్పి పంపేయబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం వాడికి చెప్పినవీ, తర్వాత గుర్తొచ్చినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను ఉద్యోగం చేసుకుంటూనే 11 ఏళ్లుగా చార్టులు చూస్తున్నాను. వాడడిగిన ప్రశ్న మొదటి రెండేళ్లు నేనూ అడుగుతూనే ఉన్నాను, కూర్చోబెట్టి చెప్పేవాళ్లు దొరకలేదు.

ముందు ఒక నోట్‌బుక్ తెమ్మన్నాను. "ఈ యాప్‌కి ఎక్స్ఛేంజ్ నుంచి ఏమేం వస్తాయో చెప్పు" అన్నాను. కంపెనీ వార్తలు, పెద్ద పెద్ద ఫండ్లు ఏం కొంటున్నాయి, విదేశీ మార్కెట్లు ఎలా ఉన్నాయి, ఇవన్నీ లోపల కలిపి లెక్క కట్టి బై, సెల్ చెబుతుందేమో అన్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు, తప్పు వాళ్లది కాదు, ఆ గీతలూ రంగులూ చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ లోపల అవేమీ ఉండవు. ఒక క్యాండిల్ అంటే ఓపెన్, హై, లో, క్లోజ్, అంటే మొదలైన ధర, అన్నిటికంటే పైది, అన్నిటికంటే కిందిది, ముగిసిన ధర, ఈ నాలుగు అంకెలే. వాటికి తోడు ఆ టైమ్‌లో ఎన్ని షేర్లు చేతులు మారాయో చెప్పే వాల్యూమ్. వాడి స్క్రీన్ మీదున్న ఏడూ ఆ మొదటి నాలుగు అంకెల నుంచి పుట్టినవే. మూవింగ్ యావరేజ్ అంటే క్లోజ్‌ల సగటు. ఎంఏసీడీ అంటే 12 రోజుల సగటులోంచి 26 రోజుల సగటు తీసేయగా మిగిలేది, అంటే పైనున్న యావరేజ్ గీతల్లాంటి వాటినే కింద ఇంకో పెట్టెలో ఇంకోలా చూపించడం. బోలింజర్ అంటే 20 క్లోజ్‌ల సగటు, దానికి పైనా కిందా రెండు స్టాండర్డ్ డీవియేషన్ల (ధరలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) దూరంలో రెండు గీతలు. ఆర్‌ఎస్‌ఐ కూడా క్లోజ్‌లతోనే. సూపర్‌ట్రెండ్, స్టొకాస్టిక్ మాత్రం హై, లో కూడా తీసుకుంటాయి. ఏడింటిలో వాల్యూమ్ వైపు చూసేది ఒక్కటీ లేదు. అలాంటప్పుడు ధర నాలుగు రోజులు వరసగా పెరిగితే ఏడూ కలిసి గ్రీన్‌లోకి రావడంలో వింతేముంది? ఒకే సాక్షిని ఏడుసార్లు బోనెక్కిస్తే ఏడుసార్లూ అదే మాట చెబుతాడు. మావాడు ఏడుగురు వచ్చి సాక్ష్యం చెప్పారనుకుని డబ్బు పెట్టాడు.

మాటలతో చెబితే గట్టిగా పట్టదని ఆర్‌ఎస్‌ఐని వాడి చేతే కట్టించాను. పద్నాలుగు రోజుల్లో పెరిగిన రోజుల పెరుగుదలంతా కలిపితే 42 రూపాయలు, తగ్గిన రోజుల తగ్గుదలంతా కలిపితే 28 రూపాయలు అనుకుందాం. రెండింటినీ 14తో భాగిస్తే సగటు పెరుగుదల 3, సగటు తగ్గుదల 2. రెండూ కలిపితే 5, అందులో పెరుగుదల వాటా 3, అంటే నూటికి 60. ఆర్‌ఎస్‌ఐ 60. పుస్తకాల్లో సూత్రం ఇంకోలా రాస్తారు గానీ కడితే వచ్చేది ఇదే. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. మర్నాడు షేరు ఒక్కసారే 20 రూపాయలు పెరిగిందనుకో. పాత సగటుని 13తో గుణించి, కొత్త రోజుది కలిపి, 14తో భాగించాలి. మూడు పదమూళ్లు 39, దానికి 20 కలిపితే 59, 14తో భాగిస్తే 4.21. తగ్గుదల వైపు రెండు పదమూళ్లు 26, కొత్తగా కలిపేది ఏమీ లేదు, 14తో భాగిస్తే 1.86. ఇప్పుడు పెరుగుదల వాటా నూటికి 69.4. పోనీ ఆ రోజు షేరు పైసా కూడా కదల్లేదనుకో, రెండు సగటులూ ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి ఆర్‌ఎస్‌ఐ ఆ 60 దగ్గరే ఉంటుంది. అంటే ముందు ధర కదలాలి, తర్వాతే ఈ అంకె కదులుతుంది. ఈ అంకె ముందు కదిలి ధరని లాక్కెళ్లడం అనేది లేదు. యాప్‌లో రెండేళ్లుగా చూస్తున్న ఆ ఊదా గీత తన చేతిరాతతో నోట్‌బుక్‌లో తేలేసరికి మావాడు కాసేపు మాట్లాడలేదు, పెన్ను పెట్టి లెక్క పక్కన గీతలు గీస్తూ కూర్చున్నాడు.

ఈ లెక్క కనిపెట్టింది వెల్స్ వైల్డర్ అనే అమెరికన్, చదువుకి మెకానికల్ ఇంజినీరు. ఆర్‌ఎస్‌ఐ, ఏటీఆర్, ఏడీఎక్స్, పారబోలిక్ సార్, ఈ నాలుగూ 1978లో ఆయన రాసిన ఒకే పుస్తకంలో వచ్చాయి. మన సూపర్‌ట్రెండ్ లోపల ఉండేది కూడా ఆయన ఏటీఆరే, అంటే ధర రోజుకి సగటున ఎంత ఊగుతోందో చెప్పే కొలత. అప్పట్లో ఎవరికి వాళ్లు కాగితం, క్యాలిక్యులేటర్ పెట్టుకుని కట్టుకునేవాళ్లు కాబట్టి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకి తెలిసేది. ఇప్పుడు ఇండికేటర్ల జాబితా తెరిస్తే వందకి పైగా ఉంటాయి, వేలితో తాకితే గీత వచ్చి పడుతుంది, ఏం కట్టి గీశారో చూసే అవసరమే రాదు. మన బ్రోకర్ యాప్‌లలో చాలావాటి లోపల ఉండేది ట్రేడింగ్‌వ్యూ చార్టో, చార్ట్‌ఐక్యూ చార్టో కావడంతో యాప్ మార్చినా అదే స్క్రీన్ ఎదురొస్తుంది.

ఆర్‌ఎస్‌ఐ 30 కిందకి వస్తే కొనాలి, 70 దాటితే అమ్మాలి అని మొదటి రోజే ఎవరో ఒకరు చెప్పేస్తారు. పై లెక్క ప్రకారం 30 అంటే ఏంటి? పెరుగుదల మూడు వంతులు, తగ్గుదల ఏడు వంతులు. చవకగా దొరుకుతోందని ఆ అంకెలో ఎక్కడా లేదు. 2020 మార్చి 12న నిఫ్టీ ఒక్క రోజులో 8 శాతానికి పైగా పడి 9,590 దగ్గర ముగిసింది, డైలీ చార్టులో ఆర్‌ఎస్‌ఐ అప్పటికే 30 కింద ఉంది. ఇంతకంటే పడదులే అని ఆ వారం కొన్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు. మార్చి 23న లోయర్ సర్క్యూట్ పడి, అంటే ఇంత పడితే ఆపాలన్న హద్దు తాకి, ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు, ఆ రోజు దాదాపు 13 శాతం పోయి 7,610 దగ్గర ఆగింది. ఓవర్‌సోల్డ్, అంటే మరీ ఎక్కువ అమ్మేశారు ఇక లేస్తుంది, అన్న చోటు నుంచి ఇంకో ఐదో వంతు పోయింది. ఏడాది తిరిగేసరికి మార్కెట్ ఎంతో పైకి వెళ్లిందన్నది నిజమే, కానీ ఆ ఇద్దరూ అప్పు చేసి కొన్నారు, ఏడాది ఆగే వీలు వాళ్లకి లేదు.

ఇండికేటర్ల కంటే ఎక్కువ మోసం చేసేది ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కుడి పక్క ధరల స్కేలు. ఆటో అని ఉంటుంది, అంటే స్క్రీన్‌లో కనిపిస్తున్న క్యాండిల్స్‌లో అన్నిటికంటే పై ధర పైఅంచుకీ, అన్నిటికంటే కింది ధర కిందిఅంచుకీ వచ్చేలా సాగదీసి చూపిస్తుంది. నిఫ్టీ రోజంతా 60 పాయింట్ల మధ్య ఊగినా స్క్రీన్ నిండుతుంది. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు దాదాపు 1,900 పాయింట్ల మధ్య ఊగింది, అప్పుడూ అదే స్క్రీన్ నిండింది. ఆ రోజు మన ఆంధ్ర ఇళ్లలో టీవీలో అసెంబ్లీ ఫలితాలు, చేతిలో ఫోన్‌లో మార్కెట్. మా ఇంట్లో మా నాన్న టీవీ ముందు, నేను ఫోన్ ముందు. ముందు రోజు 23,263 దగ్గర ముగిసిన నిఫ్టీ ఆ రోజు 21,884 దగ్గర ముగిసింది, మళ్లీ మూడే ట్రేడింగ్ రోజుల్లో, జూన్ 7 శుక్రవారానికి, 23,290కి వచ్చేసింది. ఇలాంటి రోజునీ, ఏమీ జరగని మంగళవారాన్నీ ఒకే ఎత్తులో చూపిస్తే కంటికి తేడా తెలీదు, గుండె మాత్రం రెండు రోజులూ ఒకేలా కొట్టుకుంటుంది. మావాడి ఫోన్‌లో, పండగ ముందు రోజు చార్టులో, నాలుగు ట్రేడ్లు అయిన చోటు చూపించి, ఈ కొండ ఎత్తు ఎంతో చెప్పు అన్నాను. వేలు పెట్టి చూస్తే 35 పాయింట్లు. పావు శాతం కూడా లేదు. ఆ 35 పాయింట్ల ఎక్కుడు దిగుడులో నాలుగుసార్లు కొని అమ్మాడు, నాలుగుసార్లూ బ్రోకరేజీ, పన్నులు కట్టాడు. ఇప్పుడు నేను ఆటో తీసేసి స్కేలుని శాతాల్లోకి మార్చి, పైకి రెండు శాతం కిందకి రెండు శాతం కనిపించేలా బిగించి ఉంచుతాను. చాలా రోజులు చార్టు నడిమధ్య బద్ధకంగా పాకే ఒక గీతలా ఉంటుంది. మార్కెట్ నిజంగా ఉన్నది అలాగే.

ఇదే కారణంతో 45 డిగ్రీల ట్రెండ్‌లైన్ లాంటి మాటలు వింటే నాకు కష్టంగా ఉంటుంది. ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఒక కోణం, అడ్డంగా తిప్పితే ఇంకో కోణం. ధరకి, కాలానికి మధ్య డిగ్రీలు ఉండవు.

ఏళ్ల తరబడి చార్టు చూసేటప్పుడు మాత్రం లాగ్ స్కేలు పెట్టుకోండి. మామూలు స్కేలులో సెన్సెక్స్ మొదటి నుంచి చూస్తే 1992 ఎక్కడుందో కనపడదు, నేలకి అతుక్కుపోయిన గీత. ఆ ఏడాది ఏప్రిల్‌లో 4,467 దాకా వెళ్లి, హర్షద్ మెహతా కుంభకోణం బయటపడ్డాక ఏడాది తిరిగేసరికి సగానికి పైగా పోయింది, ఎన్ని ఇళ్లలో ఎన్ని డబ్బులు పోయాయో ఆ తరంవాళ్లని అడిగితే తెలుస్తుంది. లాగ్ స్కేలులో 100 నుంచి 200కి వెళ్లినా, 1,000 నుంచి 2,000కి వెళ్లినా ఒకే ఎత్తు, కాబట్టి ఆ పతనం దాని అసలు సైజులో కనపడుతుంది.

ఇక బాణాల సంగతి. మావాడు కొన్ని నెలల కిందట ఒక టెలిగ్రామ్ గ్రూపులో 6 వేలు కట్టి బై-సెల్ బాణాలు చూపించే ఇండికేటర్ కొన్నాడు. పాత చార్టు మీద చూస్తే ప్రతి అడుగున గ్రీన్ బాణం, ప్రతి శిఖరం మీద ఎర్ర బాణం, చూసినవాడెవడైనా కొంటాడు. నేనూ కొన్నాను, 2019లో, ఇలాంటిదే ఇంకొకటి. వరసగా దెబ్బలు తగిలాక ఒక రోజు ఆఫీసుకి సెలవు పెట్టి, ఒక్క ట్రేడ్ కూడా చేయకుండా, పొద్దున 9:15 నుంచి ప్రతి 15 నిమిషాల క్యాండిల్ ముగియగానే ఒక స్క్రీన్‌షాట్ తీశాను. మన మార్కెట్ అప్పుడు 3:30 దాకా, అంటే 375 నిమిషాలు, 25 క్యాండిల్స్, 25 స్క్రీన్‌షాట్లు. సాయంత్రం వాటిని కంప్యూటర్‌లో వేసుకుని ఒక్కోటీ చివరి చార్టుతో పోల్చి చూశాను. 10:45కి తీసిన దాంట్లో గ్రీన్ బాణం ఉంది, 3:30కి తీసిన దాంట్లో అదే క్యాండిల్ కింద ఏమీ లేదు. 12 గంటల ప్రాంతంలో ఇంకోటి అలాగే మాయమైంది. చివరి చార్టులో 1:15 క్యాండిల్ కింద చక్కటి బాణం ఉంది, కానీ 1:30కి, 1:45కి తీసిన వాటిలో అది లేనే లేదు, 2:15కి తీసిన దాంట్లో మొదటిసారి కనిపించింది. అంటే ధర అడుగు నుంచి లేచి కొంత దూరం వెళ్లాక, వెనక్కి వచ్చి ఆ అడుగున బాణం పెడుతోంది. దీన్ని రీపెయింట్ అంటారు. జిగ్‌జాగ్ అనే పాత ఇండికేటర్ పనిచేసే తీరే ఇది, ధర ఇంత శాతం లేచాకే ఇంతకుముందుది అడుగు అని తేల్చి గుర్తు పెడుతుంది, జరిగిపోయిన దాన్ని చదువుకోవడానికి మంచిదే. దాని మీద బాణాలు అతికించి రేపటికి పనికొస్తుందని అమ్మడం మాత్రం మోసం, ఇంకో మాట లేదు. ఎవరైనా మీకు ఇలాంటిది చూపిస్తే పాత చార్టు చూడొద్దు. ఒక్క రోజు కూర్చుని స్క్రీన్‌షాట్లు తీయండి.

నిజాయితీగా ఉన్న ఇండికేటర్‌తో కూడా దీని చిన్న రూపం ఒకటుంది. క్యాండిల్ ఇంకా ముగియకముందే సూపర్‌ట్రెండ్ గ్రీన్‌లోకి మారుతుంది, ముగిసే లోపు ధర వెనక్కి వస్తే మళ్లీ ఎరుపు. మధ్యలో ఆగలేక కొన్నవాడికి, సాయంత్రం చార్టు చూసుకుంటే తను కొన్న చోట సిగ్నలే కనపడదు. మావాడి ట్రేడ్లలో సగం ఇవే. డైలీ చార్టులో దీనికి ఇంకో మెలిక ఉండేది. నేను నేర్చుకున్న రోజుల్లో ఎన్‌ఎస్‌ఈ ఎక్స్ఛేంజ్‌లో షేరు క్లోజ్ అంటే 3:30కి జరిగిన ఆఖరి ట్రేడ్ ధర కాదు, 3 నుంచి 3:30 దాకా జరిగిన ట్రేడ్ల వాల్యూమ్‌ని బట్టి కట్టిన సగటు. చాలా ఏళ్లు ఇదే పద్ధతి నడిచింది. అప్పట్లో ఒక షేరు చివరి అరగంటలో 505 నుంచి ఎగబాకి 512 దగ్గర ఆగిందనుకోండి, 3:29కి మీ స్క్రీన్ మీద 512, యావరేజ్ దాటేసింది, కొనేస్తారు. సాయంత్రానికి క్లోజ్ 508 అని వచ్చేది, డైలీ చార్టులో యావరేజ్ దాటనే లేదు. నాకు ఇది తెలియడానికి మూడేళ్లు పట్టింది, అప్పటిదాకా యాప్‌లో ఏదో తేడా ఉందనుకునేవాణ్ని.

కొన్ని చిన్నచిన్నవి కూడా చెప్పాను. హైకెన్ ఆషీ క్యాండిల్స్ చూడ్డానికి నున్నగా, వరసగా ఒకే రంగులో ఉంటాయి, కానీ అవి సగటులు. దాని మీద కనిపించే ధరకి ఆ షేరు దొరక్కపోవచ్చు, స్టాప్ లాస్ (ధర ఇక్కడికి పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డరు) దాన్ని చూసి పెట్టకూడదు. బోనస్ (ఉన్న షేర్లకి ఉచితంగా ఇంకొన్ని ఇవ్వడం), స్ప్లిట్ (ఒక షేరుని ముక్కలు చేయడం) వచ్చినప్పుడు పాత ధరలన్నీ సవరిస్తారు. 2024 అక్టోబరు 28న రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్‌తో ధర సగమైనప్పుడు క్యాండిల్స్ సర్దుకున్నాయి, నేను చేత్తో గీసుకున్న గీత మాత్రం పాత ధర దగ్గరే పైన ఉండిపోయింది. ఇంకా రంగులు. మా ఆఫీసులో ఒకాయనకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు, ఏళ్ల తరబడి క్యాండిల్ పక్కన అంకె చదివి పోల్చుకునేవాడు. సెట్టింగ్స్‌లో నీలం, నారింజ పెట్టాక సుఖపడ్డాడు. జపాన్‌లో, చైనాలో ఎరుపంటే పెరగడం, మనకి పడటం, రంగుకి సొంతంగా అర్థమేమీ లేదు. నేను నలుపు, తెలుపు పెట్టుకున్నాను, ఎరుపు చూసినప్పుడల్లా వచ్చే టెన్షన్ నిజంగా తగ్గింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మావాడికి ఆ రోజు నేను చేసిన మొదటి మార్పు ఇదే.

ఇన్ని తీసేస్తే ఇంకేం మిగిలింది అని వాడడిగాడు. వాల్యూమ్ పెట్టాను, ఎందుకంటే అది ధర నుంచి పుట్టింది కాదు, వేరే సమాచారం. రోజులోపల చూసేటప్పుడు వీవ్యాప్ ఒక్కటి, అది ప్రతి ధరనీ అక్కడ చేతులు మారిన షేర్లతో తూచి సగటు కడుతుంది, రోజూ పొద్దున 9:15కి కొత్తగా మొదలవుతుంది. పెద్ద ఫండ్లు తమ కొనుగోలు బాగా జరిగిందా లేదా అని కొలుచుకునేది కూడా దీనితోనే. డైలీ చార్టు మీద 50 రోజుల యావరేజ్ ఒకటి. ఇక వాడు ఎక్కడ తప్పు ఒప్పుకుని బయటికి వస్తాడో ఆ ధర దగ్గర చేత్తో ఒక అడ్డగీత, దానికి అలర్ట్. ఈ అడ్డగీతే నాకు అన్నిటికంటే ఇష్టమైన టూల్, లోపల లెక్కేమీ లేదు, ఎవడు గీశాడో వాడి నిర్ణయం మాత్రమే ఉంటుంది. అలర్ట్ ఉంటే కొట్లో బస్తా తూచేటప్పుడు ఫోన్ చూడక్కర్లేదు.

ఆ గీతకీ హద్దుంది, అది కూడా దాచలేదు. మన హైదరాబాద్ కంపెనీ సత్యం గుర్తుందా అన్నాను, వాడికి అప్పుడు పదేళ్లు. 2008 డిసెంబరు 17న, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటన మర్నాడు, షేరు ఒక్కరోజులో దాదాపు 30 శాతం పడింది. ఆ ఒక్క ఎర్ర క్యాండిలే, ఏ ఇండికేటరూ లేకుండా, ఇక్కడేదో సరిగ్గా లేదని అందరికీ కనపడేలా చెప్పింది. తర్వాత 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజు 179 దగ్గరున్న షేరు 40 దగ్గర ముగిసింది. అలాంటి రోజు 170 దగ్గర స్టాప్ లాస్ పెట్టుకున్నవాడికి 170 దొరుకుతుందన్న నమ్మకం లేదు, కొనేవాళ్లు ఏ ధరకి ఉంటే ఆ ధరే. గీత ధర చెబుతుంది, ఆ ధరకి కొనేవాణ్ని తెచ్చి పెట్టదు. అందుకే ఒక్క షేరులో ఎంత పెట్టామన్నది చార్టు మీద కనపడకపోయినా చార్టు కంటే పెద్ద విషయం.

ఆప్షన్స్ గురించి మాత్రం గట్టిగానే చెప్పాను. 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా, మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టింది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ 93 శాతంలో చాలామంది స్క్రీన్ల మీద కూడా ఇవే ఇండికేటర్లు ఉండి ఉంటాయి. కొట్టు నడుపుకుంటూ, కస్టమర్‌కీ కస్టమర్‌కీ మధ్య ఫోన్ చూసి చేసే పని కాదిది. వాడు ఆప్షన్స్ ఆపుతానన్నాడు. నేను మాట తీసుకోలేదు, మా అత్తగారి చేత చెప్పించలేదు. 38 వేల సంగతి మాత్రం వాడి భార్యకి ఆ రాత్రే చెప్పమన్నాను, చెప్పాడు.

మేం హైదరాబాద్ వచ్చేశాక రెండు వారాలకి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. అదే నోట్‌బుక్. ఒక షేరు 30 రోజుల క్లోజ్‌లు వరసగా రాసి, పక్కన పెరుగుదల, తగ్గుదల, సగటులు, చివర్లో ఆర్‌ఎస్‌ఐ 57.3. దాని కింద యాప్ స్క్రీన్‌షాట్, అందులో 54.9. "బావా, మూడుసార్లు చూశాను, నా లెక్క తప్పు లేదు. మరి యాప్ తప్పా?" అని అడిగాడు.

రెండూ తప్పు కాదు. ప్రతి రోజూ పాత సగటుని 13తో గుణించి 14తో భాగిస్తాం కాబట్టి మొదటి సగటు ఎక్కడ మొదలుపెట్టామో దాని ఛాయ చాలా రోజులు వెంట వస్తుంది. 30 క్లోజ్‌లకి మార్పులు 29, వాడు మొదటి 14 మార్పులతో సగటు కట్టాక మిగిలినవి 15 రోజులే, అప్పటికి కూడా ఆ తొలి సగటు ప్రభావం దాదాపు 33 శాతం మిగిలే ఉంటుంది. యాప్ ఏళ్ల వెనక నుంచి మొదలుపెడుతుంది. కనీసం వంద రోజులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టు, రెండూ దాదాపు కలుస్తాయి అని రాశాను. ఎక్స్ఛేంజ్ సైట్‌లోంచి పాత ధరలు ఎలా దించుకోవాలో అడిగాడు, చెప్పాను. నిన్న రాత్రి కొట్టు మూశాక మెసేజ్ పెట్టాడు, 62వ రోజు దాకా వచ్చాడట.